కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను. మన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌లో నేరుగా మార్పులు చేర్చే అధికారమైన కమిట్ హక్కుకు నియమావళి ఆమోదం పొందడం ఈ ఏడాది మనందరికీ గర్వకారణం. ఇకపై ఆ హక్కు ఉన్న ఇద్దరు కమిటర్లు కొత్తవారి పేరు ప్రతిపాదించాలి, మిగిలినవారు ఓటు వేయాలి, కొత్తవారికి మొదట్లో ఒక మార్గదర్శి తోడుండాలి. ఓటు పద్ధతికి అపాచీ, మార్గదర్శి పద్ధతికి ఫ్రీబీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు మనకు ఆదర్శం.

ఇలా హక్కు పొందిన తొలి సభ్యురాలికి సభ తరఫున అభినందనలు. ఆమె రాసిన కోడ్ కంటే ఇతరులు పంపిన ప్యాచ్‌లపై, అంటే కోడ్ మార్పులపై, చేసిన సమీక్షలే అందరినీ ఒప్పించాయి. తేదీలు లెక్కించే ఒక ప్యాచ్ ఫిబ్రవరి 29న తప్పు ఫలితం ఇస్తుందని పట్టుకుని, ఆ తప్పును పట్టే పరీక్ష కోడ్ కూడా తానే రాసిచ్చి, పంపినవారు నొచ్చుకోకుండా వివరించారు.

నియమాలు మరీ కఠినమని కొందరు అన్నారు. 2024 మార్చిలో, లినక్స్‌లో విరివిగా వాడే ఫైల్ కుదింపు సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో ఏం బయటపడిందో వారు గుర్తుచేసుకోవాలి. జియా టాన్ అనే పేరుతో వచ్చినవారు రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం పొంది, పరీక్ష ఫైళ్లలో హానికర కోడ్ దాచారు. దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి గుట్టు రట్టయింది. ఆ కోడ్‌ను మేల్కొలిపే భాగం అందరికీ కనిపించే రిపోజిటరీలో (మూల కోడ్ భాండారంలో) లేదు, విడుదల ప్యాకేజీలోనే ఉంది. అందుకే మన విడుదల ప్యాకేజీని ఇద్దరు విడివిడిగా రిపోజిటరీతో సరిపోల్చాలన్న నిబంధన పెట్టాం.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. హక్కు ఉన్నవారిలో చాలామంది ఏడాదంతా ఒక్క ప్యాచ్ కూడా చూడలేదు, గుర్తుచేసినా బదులివ్వలేదు. ఎదురుచూసి విసిగిన కొత్తవారు వెళ్లిపోయారు. భారం మోస్తున్న ఆ కొద్దిమందీ అలసిపోతే, సాయం చేస్తామని ముందుకొచ్చిన ఎవరికైనా తాళాలు అప్పగించే పరిస్థితి మనకూ వస్తుంది. ఏడాదిన్నరగా కదలిక లేని ఖాతాల హక్కులు నిలిపివేస్తున్నాం. చేసిన సేవకు గౌరవంగా పేర్లు జాబితాలో ఉంటాయి. తిరిగి వచ్చి పనిలో దిగినవారికి హక్కు మళ్లీ ఇస్తాం.

జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి. విరాళాల్లో ఎక్కువ భాగం సర్వర్లకే సరిపోయింది.

డాక్యుమెంటేషన్ రాసినవారికి, అనువాదకులకు, బగ్ నివేదికలు వర్గీకరించిన బృందానికి, అర్ధరాత్రి సర్వర్లు పడిపోయినప్పుడు లేచి నిలబెట్టినవారికి, ఓటింగ్ నిర్వహించిన మిత్రులకు, దాతలకు పేరుపేరునా కృతజ్ఞతలు. సమీక్ష బృందంలో ఖాళీలు ఇంకా ఉన్నాయి. ఆసక్తి ఉన్నవారు ఈ సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వగలరు.

కార్యదర్శి