దేవరకొండ అమ్మకు, నన్ను నిలబెట్టిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాను. పదిహేడు రోజులైంది సొంత మంచం మీద పడుకుని. వాకర్ పట్టుకుని గది గుమ్మం దాకా వెళ్లి రావడానికే ఒళ్లంతా చెమట పట్టింది. పడుకోమని అందరూ చెబుతున్నారు కానీ ఇది రాయకుండా నాకు నిద్ర పట్టేలా లేదు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. సీరియల్ షూటింగులో మేడ మెట్లు దిగే షాటు తీస్తుండగా లైటు కేబుల్ కుచ్చెళ్లకు తగులుకుని పడిపోయాను. కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు.

మా ఆయన, అమ్మాయి, తమ్ముడు చేయాల్సినవన్నీ చేశారు. వాళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు. అది మహిళల వార్డు కావడంతో రాత్రిళ్లు మగవాళ్లను ఉండనివ్వలేదు. అమ్మాయికేమో పరీక్షలు. అందుకే ఆపరేషన్ అయిన మరునాటి రాత్రి నేను ఒంటరిగా ఉన్నాను. నా జీవితంలో అంత పొడవైన రాత్రి మరొకటి లేదు.

పక్క మంచం మీద నడుము ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి ఉంది. ఆమెకు తోడుగా అత్తగారు వచ్చారు. దేవరకొండ దగ్గర పల్లె వాళ్లది. అరవై ఏళ్లు దాటి ఉంటాయి. కింద చాప వేసుకుని పడుకునేవారు. ఆ రాత్రి నేను తల అటూ ఇటూ కదుపుతుంటే లేచి వచ్చి, నొప్పా అని అడిగారు. కాలు కాదమ్మా, తల గుచ్చుకుంటోంది అన్నాను. షూటింగు నుంచి నేరుగా తీసుకొచ్చారు కదా, సవరం ఎవరో లాగేశారు కానీ పిన్నులు జుట్టులోనే ఉండిపోయాయి. పైగా స్ప్రే కొట్టిన జుట్టు మూడు రోజులకు అట్టకట్టుకుపోయింది.

ఆమె సంచిలోంచి కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన తీశారు. స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చున్నారు. లైటు వేస్తే మిగతావాళ్లు లేస్తారని వేళ్లతోనే తడుముతూ ఒక్కో పిన్నూ తీశారు. తీసిన ప్రతి పిన్నూ స్టీలు గ్లాసులో వేస్తుంటే చిన్న చప్పుడు. పదకొండు పిన్నులు. తర్వాత నూనె రాసి, చిక్కు ఎక్కడుందో అక్కడ కుదురు గట్టిగా పట్టుకుని, నాకు నొప్పి తెలియకుండా చివరి నుంచి పైకి దువ్వుకుంటూ వచ్చారు. రెండు జడలు వేసి, "పడుకో బిడ్డా" అన్నారు. టైము చూస్తే రెండున్నర.

1998లో తెనాలి నుంచి పరిషత్తు నాటకాల అనుభవం ఒక్కటే పెట్టుబడిగా హైదరాబాద్ వచ్చాను. ఈటీవీ, జెమినీ మొదలై అప్పటికి మూడేళ్లు. దూరదర్శన్‌లో వారానికోసారి సీరియల్ చూడటం అలవాటైన జనం రోజూ చూడటం నేర్చుకుంటున్న కాలం. కృష్ణానగర్‌లో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. చెల్లెలి వేషాలతో మొదలుపెట్టి, వదిన, అమ్మ, ఇప్పుడు అత్తయ్య. ఇన్నేళ్లలో నా తల ఎంతమంది దువ్వారో లెక్క లేదు. ఎంతో ప్రేమగా చూసుకున్న హెయిర్ డ్రెస్సర్లు ఉన్నారు. అయినా షాటు రెడీ అన్న కేక వినిపించకుండా, నా కోసమే ఎవరైనా తల దువ్వడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. దిండు తడిసేదాకా ఏడ్చాను. గ్లిజరిన్‌తో ఏడవడం అలవాటైపోయిన కళ్లు ఇవి. ఆపడం నాకు చేతకాలేదు.

నేనెవరో ఆమెకు తెలియదు. తెలిసిన రోజు సంగతి చెప్పాలి.

తొమ్మిదో రోజు రాత్రి వార్డు టీవీలో మా సీరియల్ వస్తోంది. నాలుగేళ్లుగా చేస్తున్న పాత్ర, వెయ్యి ఎపిసోడ్లు దాటాయి. నా స్థానంలో ఎవరినైనా తీసుకుంటారనుకున్నాను. వారానికి ఆరు రోజులు ప్రసారమయ్యే సీరియల్ ఎవరి కోసమూ ఆగదు, ఆ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆ రోజు హాలు గోడ మీద నా ఫొటోకు దండ వేసి, ముందు దీపం పెట్టారు. దసరా ఎపిసోడ్‌కు నా సొంత ఆకుపచ్చ పట్టుచీరలో తీసిన ఫొటో. ముందుగా నాకు ఒక్క ఫోను చేసినవారు లేరు.

ఆ అమ్మ టీవీ వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ టీవీ చూశారు. లేచి వెళ్లి స్టూలెక్కి టీవీ కట్టేశారు. ఎవరో చూస్తున్నామని అడ్డు చెప్పినా వినలేదు. భోజనంతో వచ్చిన చిన్న ఉప్పు పొట్లాలు నాలుగు చింపి, గుప్పిట్లో పోసుకుని, నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, మగ్గులో నీళ్లలో కలిపి పారబోసి వచ్చారు. నిండు ప్రాణం ఉన్న మనిషి బొమ్మకు దండేస్తారా అని రాత్రంతా గొణుగుతూనే ఉన్నారు. మరునాడు వేరే వార్డుల వాళ్లు ఫోన్లు పట్టుకుని ఫొటోల కోసం వస్తే, తన చీర ఒకటి రెండు మంచాల కడ్డీలకు కట్టి నాకు అడ్డుతెర చేశారు.

ఆమె అడిగిన ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. వాళ్లాయన గీత కార్మికుడు. మూడేళ్ల కిందట తాటిచెట్టు మీద నుంచి పడ్డారు. ఎక్స్‌గ్రేషియా కోసం కాళ్లరిగేలా తిరిగినా, సొసైటీ కార్డు ఉంది కాబట్టి అడిగే హక్కు ఉంది. "మీకు కార్డు లేదా బిడ్డా?" అని అడిగారు. ఏమని చెప్పను? రోజు లెక్కన పని చేస్తాం. ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. చేసిన పనికి డబ్బులు చేతికి రావడానికి మూడు నెలలు. చీరలు, నగలు కూడా చాలాసార్లు మావే. సినిమా కార్మికుల కోసం 1981లో వచ్చిన చట్టం ఫీచర్ ఫిల్ములకే పరిమితమైంది. 2020 నాటి కార్మిక కోడ్‌లో టీవీ వాళ్లనూ చేర్చి, రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నారు. నాకు ఇంతవరకూ అలాంటి కాగితం చేతికి ఇచ్చినవారు లేరు. నాకు రావాల్సిన మూడు నెలల డబ్బు అక్కడ ఆగి ఉంటే, ఇక్కడ ఆస్పత్రిలో అడ్వాన్సు కట్టేదాకా ఆపరేషన్ మొదలుపెట్టేది లేదన్నారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాకే నన్ను థియేటర్‌లోకి తీసుకెళ్లారు. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

పన్నెండో రోజు వాళ్ల కోడలిని డిశ్చార్జి చేశారు. నేను ఫిజియోథెరపీకి వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీ. దిండు పక్కన చెక్క దువ్వెన పెట్టి వెళ్లారు. నేను ఆమె ఫోను నంబరు కూడా అడిగి ఉంచుకోలేదు. ఆ వైపు వాళ్లెవరైనా ఇది చదివి ఆమెను గుర్తుపడితే, ఒక్క మాట చేరవేయండి: అమ్మా, ఈ రోజు పద్నాలుగు అడుగులు వేశాను. జడ నేనే వేసుకున్నాను.

కాలు కదలకుండా అటూ ఇటూ ప్లైవుడ్ పట్టీలు కట్టిన సెట్ కార్పెంటర్ అన్నకు దండాలు. ఆ పట్టీలు చూసి డాక్టరు గారు మెచ్చుకున్నారు. రక్తం ఇచ్చిన ఇద్దరు కుర్రాళ్లకూ, రాత్రి డ్యూటీ సిస్టర్లకూ, ఆస్పత్రిలోకి అడుగు పెట్టేదాకా నా చెయ్యి వదలని టచప్ అబ్బాయికీ కృతజ్ఞతలు. అయ్యో, నా చీరల సూట్‌కేసు సెట్‌లోనే పోయిందనుకున్నాను. కాస్ట్యూమర్ తమ్ముడు పొద్దున ఇంటికి తెచ్చిచ్చాడు. చీరలన్నీ ఇస్త్రీ చేసి ఉన్నాయి, ఆ ఆకుపచ్చది కూడా.