మాచర్ల వైపు పెద్దమ్మకు

నిన్న పళ్లాసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఒళ్లంతా నొప్పులు, అయినా నిద్ర రావడం లేదు.

అమ్మకు 71 ఏళ్లు. కింద మిగిలిన ఆరు పళ్లూ కదిలిపోతున్నాయి. అవి పీకితే సరిపోదట. లోపల ఎముక గట్లు గట్లుగా ఉంది, దాని మీద కట్టుడు పళ్లు పెడితే ఒరుసుకుని పుండ్లు పడతాయట. అందుకని చిగురు తెరిచి ఎముక నునుపు చేసి కుట్లు వేశారు. మత్తు నోటివరకే, మనిషికి మెలకువే.

లోపలికి వెళ్లేముందు, ఎముక గీకాలన్న మాట వినగానే అమ్మ వరండాలో కూలబడింది. "ఈ వయసులో నాకెందుకే, జావ తాగి బతుకుతా" అని పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే ఏడుపు. రెండేళ్లుగా నలుగురిలో ఆ చెంగు దించలేదు. పెళ్లిళ్లకు పోవడమే మానేసింది.

పక్క బెంచీలో ఒక పెద్దమ్మ. "వదినా, ఇటు చూడు" అంది. అంతమంది చూస్తుండగా తన పళ్లసెట్టు తీసి అరచేతిలో పెట్టుకుని బోసినోటితో నవ్వింది. "నాకూ ఎముక గీకారు. నాలుగు రోజులు వాచింది, పోయింది. మొన్న పండక్కి అరిసెలు తిన్నా."

అమ్మ చెంగు దించింది. "నిజంగా నొప్పి లేదా వదినా?" అనడిగింది. రెండు నెలలు బతిమాలినా నా మాటకు దిగని చెంగు అది. గోడవైపు తిరిగి ఏడ్చేశాను. తన పేరు పిలిచినా ఆవిడ లేవలేదు, వెనకవాళ్లను పంపింది. అమ్మ లోపలికెళ్లేదాకా చెయ్యి వదల్లేదు. మేం బయటికొచ్చేసరికి లేదు. పేరైనా అడగలేదు నేను. మాచర్ల వైపని మాత్రం అంది. ఎవరికైనా తెలిస్తే ఈ మాట చేర్చండి.

తమ్ముడు డబ్బు పంపాడు, మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు.

ఒక్కటి మాత్రం అనక తప్పదు. అమ్మకు షుగరు, గుండె మందులు. ఆపరేషన్ తట్టుకోగలదని డాక్టరు రాసిచ్చే ఫిట్‌నెస్ కాగితం కోసం మూడుసార్లు తిప్పారు. షుగరు ఎక్కువుందని ఒకసారి పంపేశారు, అది న్యాయమే. తర్వాత సంతకం పెట్టే డాక్టరు లేరు. ఆ తర్వాత కాగితం పాతదైంది! రక్తం పలచబడే మాత్ర ఒకరు ఆపమంటే ఇంకొకరు ఆపొద్దన్నారు. ఇన్సూరెన్సు వాళ్లేమో ప్రమాదంలో పోయిన పళ్లకే ఇస్తామన్నారు. నమల్లేక మెత్తటి అన్నం, జావలే తినే మనిషికి షుగరు ఎలా తగ్గుతుందండీ?

కుట్లు వారానికి తీస్తారు. పళ్లసెట్టుకు కొలతలు ఆరు వారాలయ్యాక. కింద రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే మరలు, వేస్తే సెట్టు కదలదట, ఎముక చాలుతుందో లేదో మానాక చూస్తారు.

అయ్యో, మర్చిపోయా. బస్సులో ఉండగా ఫోన్ చేసి రక్తం ఆగిందా అనడిగిన హౌస్ సర్జన్ అమ్మాయికి, అమ్మను కుర్చీతో సహా ఎత్తి మెట్లు దించిన ఎక్స్‌రే అన్నకు దండాలు. క్యాంటీన్‌లో డబ్బు తీసుకోకుండా ఐసు కవర్లో కట్టిచ్చిన బాబుకి కూడా.