నిజాం షుగర్స్ తెరవాలంటే ముందు చెరకు నాటించాలి

సంపాదకుడికి,

అయ్యా,

నిజాం పాలనలో 1937లో స్థాపించిన నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరు 23న లే ఆఫ్ (పని ఆపి కార్మికులను తాత్కాలికంగా పక్కన పెట్టడం) ప్రకటించారు. అదే సంస్థకు చెందిన ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ దాంతోపాటే ఆగిపోయాయి. మళ్లీ తెరిపించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. సంతోషమే. కానీ బయట వినిపించే చర్చంతా యంత్రాల గురించి, బ్యాంకు అప్పుల గురించి. చెరకు ఎక్కడి నుంచి వస్తుంది, పాత కార్మికుల బకాయి ఎలా తీరుతుంది అన్న రెండు ప్రశ్నలు వెనకబడ్డాయి. పట్టణం నిలబడాలంటే ముందు తేల్చాల్సినవి అవే.

చక్కెర ఫ్యాక్టరీ పోతే ఊరికి జరిగే నష్టం జీతాల లెక్కతో తేలదు. గానుగాట సీజన్‌లో డబ్బు మూడు దారుల్లో బజారుకు చేరుతుంది: కార్మికుల జీతాలు, రైతుల చెరకు బిల్లులు, కోత ముఠాలకూ లారీలకూ ఇచ్చే కూలి, కిరాయి. వీటిలో పెద్దది చెరకు బిల్లే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. ఆ నమ్మకం మీదే ఎరువుల దుకాణం, బట్టల దుకాణం ఉద్దెర ఇస్తాయి. సీజన్ అయ్యాక ఫ్యాక్టరీ యంత్రాల మరమ్మతు పనులతో లేత్, వెల్డింగ్ షెడ్లకు వేసవి గడుస్తుంది.

అందుకే పట్టణం దెబ్బతినడం ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డ రోజున మొదలుకాదు, బిల్లులు ఆగిన రోజునే మొదలవుతుంది. రెండు మూడు నెలలు డబ్బు రాకపోతే రైతు కార్శి తోటను (నరికిన మొదళ్ల నుంచి మళ్లీ పెరిగే చెరకును) దున్నేసి వరి వేస్తాడు. చెరకు తగ్గితే గానుగాడే రోజులు తగ్గుతాయి, టన్నుకు పడే ఖర్చు పెరుగుతుంది, తర్వాతి బిల్లు ఇంకా ఆలస్యమవుతుంది. వరి డబ్బు తక్కువని కాదు. వడ్లు ఊళ్లోని కొనుగోలు కేంద్రంలోనే కాటా అవుతాయి, సొమ్ము ఖాతాలో పడుతుంది, ఆ పని మీద రైతు బోధన్ రావాల్సిన అవసరమే ఉండదు. చెరకు నడిపినంత మందిని రైస్ మిల్లులు నడపలేవు.

ఇక చెరకు లెక్క. రోజుకు 2,500 టన్నులు ఆడే చిన్న ఫ్యాక్టరీ 150 రోజులు నడవాలంటే 3.75 లక్షల టన్నులు కావాలి. ఎకరాకు 30 టన్నుల చొప్పున 12,500 ఎకరాలు. అదీ దగ్గరి ఊళ్లలోనే ఉండాలి, ఎందుకంటే నరికిన చెరకు 24 గంటల్లో గానుగకు చేరకపోతే బరువూ తగ్గుతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది.

నిజాంసాగర్ కాలువ కింద వరికి అలవాటుపడిన రైతు మళ్లీ చెరకు ఎందుకు వేయాలి? 2025-26కు కేంద్రం ఇచ్చిన ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీకి, అంటే చెరకు బరువులో అంత శాతం చక్కెర వస్తే, టన్నుకు 3,550 రూపాయలు. బాగా పండి ఎకరాకు 35 టన్నులు వస్తే 1,24,250. రికవరీ 9.5 శాతం లోపు పడితే టన్ను ధర 3,290 దగ్గరికి దిగుతుంది, ఎకరా రాబడి 1,15,000కు వస్తుంది. కోత కూలి ఇందులోంచే పోవాలి. అదే ఎకరంలో అదే ఏడాది వానాకాలం, యాసంగి కలిపి 50 క్వింటాళ్ల ఏ గ్రేడు వడ్లు పండితే 2,389 చొప్పున 1,19,450 వస్తుంది. సన్నాలైతే రాష్ట్ర బోనస్ క్వింటాలుకు మరో 500. ఈ లెక్క తెలిసిన రైతును ఉపన్యాసాలతో చెరకు వైపు తిప్పలేం. టన్నుకు రాష్ట్ర ప్రోత్సాహకం, కోతకు హార్వెస్టర్లు, 14 రోజుల చెల్లింపుకు ప్రభుత్వ పూచీ ఉన్న ప్రత్యేక ఖాతా, ఈ మూడూ రాతపూర్వకంగా ఉండాలి. హార్వెస్టర్ తిరగాలంటే సాళ్ల మధ్య ఐదడుగులు వదలాలి కనుక నాటకముందే రైతుకు చెప్పాలి, తోట ఎదిగాక చెప్పి లాభం లేదు.

సమయం సంగతి మరీ ముఖ్యం. ఎకరా విత్తన తోట ఎనిమిది నుంచి పది ఎకరాలకు సరిపోతుంది. మొదటి ఏడాది కార్శి ఉండదు కాబట్టి సగం సామర్థ్యానికి, అంటే 6,250 ఎకరాలకు నాటాలన్నా సుమారు 800 ఎకరాల విత్తన తోట కావాలి. దానికి ఏడెనిమిది నెలలు, ఆపై అసలు తోటకు పదకొండు పన్నెండు నెలలు. ఒక్కో కన్ను (మొగ్గ) ఉన్న చెరకు ముక్కలతో నారు పెంచితే విత్తనం చాలా ఆదా అవుతుంది, ఎకరాకు దాదాపు ఐదు వేల మొక్కలు చాలు, కానీ షేడ్‌నెట్ నర్సరీలు ముందే సిద్ధం చేయాలి. ఎలా చూసినా నిర్ణయానికీ మొదటి గానుగాటకూ మధ్య ఏడాదిన్నరకు పైనే పడుతుంది. కొత్త బాయిలర్, మిల్లు బిగించడానికి పట్టే కాలం కూడా ఇందులోనే కలిసొస్తుంది. ఏళ్లుగా తుప్పుపట్టిన బాయిలర్ ట్యూబులకు అతుకులు వేసి నడపడం మాత్రం మనుషుల ప్రాణాలతో చెలగాటం.

కార్మికుల బకాయిల్లో అన్యాయం ఆలస్యంలోనే ఉంది. లే ఆఫ్ అంటే ఉద్యోగం పోయినట్టు కాదు, రాజీనామా చేస్తేనో, రిటైరైతేనో, చనిపోతేనో తప్ప గ్రాట్యుటీ అడిగే వీలుండదు. 2019లో లిక్విడేషన్ (కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడం) ఉత్తర్వు వచ్చింది. దివాలా చట్టం 33(7) సెక్షన్ ప్రకారం వ్యాపారం కొనసాగని చోట ఆ ఉత్తర్వే ఉద్యోగులకు డిశ్చార్జి (ఉద్యోగం ముగిసినట్టు) నోటీసు. చట్టం సురక్షిత రుణదాతలతో (ఆస్తి తాకట్టు మీద అప్పిచ్చినవాళ్లతో) సమాన స్థానం ఇచ్చేది మాత్రం లిక్విడేషన్‌కు ముందు 24 నెలల కార్మిక బకాయిలకే. 2015 డిసెంబరుకు ముందు చెమటోడ్చిన జీతం ఆ 24 నెలల్లోకి రాదు, వరుసలో కిందికి జారిపోతుంది. దివాలా ప్రక్రియ నడిచిన కాలానికి నిజంగా పనిచేసిన వాళ్ల జీతమే ప్రక్రియ ఖర్చుగా ముందు దక్కుతుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు లిక్విడేషన్ ఆస్తిలోకి రావు, కానీ గ్రాట్యుటీకి నిధి అంటూ జమ చేసి ఉంటేనే ఆ రక్షణ. చక్కెర వంటి సీజనల్ ఫ్యాక్టరీలు ఈఎస్ఐ (కార్మిక బీమా) పరిధి బయట ఉంటాయి కాబట్టి మూతపడ్డ ఫ్యాక్టరీల వాళ్లకు ఈఎస్ఐ ఇచ్చే నిరుద్యోగ భృతి కూడా వీళ్లకు లేదు.

కాబట్టి ఆ పాత జీతాలను ప్రభుత్వమే, 49 శాతం వాటాదారుగా, నేరుగా తీర్చాలి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చింది కూడా అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే. సీజనల్ కార్మికుడికి గ్రాట్యుటీ సీజన్‌కు ఏడు రోజుల వేతనం, పర్మినెంట్ వాళ్లకు ఏడాదికి పదిహేను రోజులు. పాత మస్టర్ రోళ్లు (హాజరు పట్టీలు), సర్వీసు రిజిస్టర్లు చెదలపాలు కాకముందే లేబర్ శాఖ వాటిని స్వాధీనం చేసుకుని, చనిపోయిన వారి వారసుల పేర్లతో సహా జాబితా కట్టి ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో, బోధన్ మున్సిపల్ ఆఫీసులో అంటించాలి. దీనికి ఏ టెండరూ అక్కర్లేదు, ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
చక్కెర పరిశ్రమ తెలిసిన కొందరు పాఠకులు,
బోధన్, నిజామాబాద్ జిల్లా