కార్డు వడ్డీ తగ్గించమని బ్యాంకును అడగడం గురించి చైతన్యకు

తెనాలి

చిరంజీవి చైతన్యకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఇద్దరి క్షేమసమాచారాలు ఫోనులో వింటూనే ఉన్నాను కనుక ఆ సంగతులు మళ్ళీ రాయను. ఈ ఉత్తరం కేవలం నీ క్రెడిట్ కార్డు బాకీ గురించే. ఫోనులో చెబితే "సరే అమ్మా, చూస్తాను" అని పెట్టేస్తావు. కాగితం మీద అంకెలు కనిపిస్తే అలా పక్కన పెట్టలేవని నా నమ్మకం.

నువ్వు పంపిన స్టేట్‌మెంటును ప్రింటు తీయించి, పెన్సిలు పట్టుకుని చదివాను. జీతంలో దాచినదంతా బెంగళూరు ఇంటి ఓనరు అడ్వాన్సుకు పోతే, ఫ్రిజ్జు, మంచం, వాషింగ్ మెషీను కార్డు మీద కొనవలసి వచ్చిందని నాకు తెలుసు. అవి దుబారా కాదు, వాటి గురించి నేను ఒక్క మాట కూడా అనను. నా అభ్యంతరమంతా ఆ 1,80,000 రూపాయల బాకీ మీద పడుతున్న వడ్డీ గురించి, దాన్ని తగ్గించమని అడగడానికి నువ్వు మొహమాటపడుతున్న తీరు గురించి.

స్టేట్‌మెంటులో నెలకు 3.6 శాతం అని ఉంది. చూడటానికి చిన్న అంకెలా ఉంటుంది. మన ఊరి లెక్కలో చెప్పుకుంటే అది నూటికి మూడు రూపాయల అరవై పైసల వడ్డీ, ఏడాదికి 43.2 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలి గనుక, నీ జేబులోంచి పోయేది దాదాపు నాలుగు రూపాయల పావలా వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడని ఎవరి గురించైనా వింటే మీ నాన్నగారు ఆ మనిషి మీద వారం రోజులు జాలిపడతారు. నీ సంగతి ఆయనకు ఇంకా ఈ లెక్కలో చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు ప్రతి నెలా కడుతున్న మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టి తీరవలసిన మొత్తం, సంగతి చూద్దాం. బాకీలో 5 శాతం, అంటే 9,000 రూపాయలు. ఆ నెల వడ్డీ సుమారు 6,480, దాని మీద జీఎస్టీ 1,166. రెండూ కలిపి 7,646 రూపాయలు. నువ్వు కట్టిన 9,000లో అసలుకు జమ అయినది 1,354 రూపాయలు మాత్రమే. బ్యాంకు రోజువారీ లెక్క వేస్తుంది కాబట్టి రూపాయలు కాస్త అటూ ఇటూ అవుతాయి గాని సంగతి మారదు. బాకీ తరిగిన కొద్దీ మినిమమ్ కూడా తరుగుతుంది, దానితో పాటే నువ్వు కట్టేదీ తరిగి గడువు సాగుతూనే ఉంటుంది. అలా తగ్గించకుండా నెలనెలా 9,000 పట్టుబట్టి కట్టినా ఈ బాకీ తీరడానికి సుమారు 46 నెలలు పడుతుంది, మొత్తం కట్టేది 4 లక్షలు దాటుతుంది. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే అప్పు నెలలూ సంవత్సరాలూ సాగుతుందని నీ స్టేట్‌మెంటులోనే ఒక హెచ్చరిక వాక్యం ఉంటుంది. రిజర్వు బ్యాంకు ఆదేశం వల్ల దాన్ని అచ్చు వేసి తీరాలి. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను.

"వాళ్ళ రేటు వాళ్ళది, మనం అడిగితే తగ్గిస్తారా" అని నువ్వు అన్నావు. అందులో సగం నిజం ఉంది. క్రెడిట్ కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అది అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కాబట్టి ఇంతకు మించి వసూలు చేయకూడదని చూపించి పోట్లాడటానికి మన చేతిలో ఒక అంకె లేదు, వడ్డీ తగ్గింపు నీ హక్కు కాదు. అయితే కార్డుల గురించి రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలలో, కార్డు వడ్డీ బ్యాంకుకు అయ్యే ఖర్చుకూ సహేతుకమైన లాభానికీ తగినట్టు సమర్థించుకోగలిగేలా ఉండాలని ఉంది. ఒకే బ్యాంకు వేర్వేరు తరగతుల ఖాతాదారులకు వేర్వేరు రేట్లు వేయడం కూడా మామూలే. అంటే నీకు వేసిన రేటు శిలాశాసనం కాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. బ్యాంకు అమ్మ కూడా కాదు.

ఇక ఏమి అడగాలన్నది ముఖ్యం. చాలామంది "వడ్డీ కాస్త తగ్గించండి" అని మాత్రమే అడిగి, "కుదరదు సార్" అనిపించుకుని ఫోను పెట్టేస్తారు. మన దేశంలో కార్డు నెలసరి రేటునే నేరుగా తగ్గించడం అరుదు. దాన్ని కూడా అడుగు, తప్పులేదు, 3.6 నుంచి 2.5కు దించినా జీఎస్టీతో కలిపి నెలకు 2,300 రూపాయలకు పైగా మిగులుతాయి. కాని అసలు అడగవలసింది ఉన్న బాకీ మొత్తాన్నీ తక్కువ వడ్డీ ఈఎంఐగా, అంటే నెలనెలా సమానంగా కట్టే వాయిదాలుగా, మార్చమని. ఇది బ్యాంకులు రోజూ చేసే పనే, అక్కడి ఉద్యోగికి తన అధికార పరిధిలో ఉండే పనే. ఏడాదికి 15 శాతానికి, అంటే రూపాయి పావలా వడ్డీకి, 24 నెలలకు మారిస్తే నెలసరి వాయిదా సుమారు 8,728 రూపాయలు అవుతుంది. మొదటి నెల వడ్డీ 2,250 మీద జీఎస్టీ 405 కలిపితే 9,133. ఇప్పుడు నువ్వు కడుతున్న మినిమమ్‌కు దీనికీ తేడా 133 రూపాయలు. వడ్డీ తగ్గే కొద్దీ ఆ జీఎస్టీ కూడా తగ్గుతుంది. అదే జీతంలోంచి దాదాపు అంతే డబ్బు తీసి కడతావు, కాని రెండేళ్ళకు బాకీ సున్నా అవుతుంది, మొత్తం వడ్డీ, జీఎస్టీ కలిపి 35,000 లోపే ఉంటుంది. పైన చెప్పిన 46 నెలల లెక్కలో అది 2 లక్షల పైమాటే.

నీ బ్యాంకు యాప్‌లోనే ఈఎంఐగా మార్చుకోమని ఒక రేటు చూపిస్తూ ఉండవచ్చు. ఆ రేటును చూసుకో గాని వెంటనే నొక్కేయకు. మాట్లాడితే అంతకన్నా మంచిది దొరికే అవకాశం ఉంటుంది.

నా ఉద్యోగమంతా బ్యాంకు కౌంటరు వెనకాలే గడిచింది గనుక అవతలి మనిషి ఎలా ఆలోచిస్తారో నాకు కొంత తెలుసు. "ఏదో కాస్త చూడండి మేడమ్" అనేవాళ్ళ పని కన్నా, ఒక కాగితం మీద అంకె రాసుకొచ్చి "ఇంతకు కావాలి, నెలకు ఇంత కట్టగలను" అనేవాళ్ళ పని నా దగ్గర త్వరగా అయ్యేది. పై అధికారికి పంపే నోటులో రాయడానికి నాకూ ఒక అంకె కావాలి కదా. అందుచేత ఫోను చేసే ముందు నీ ఎదురుగా ఆఖరి స్టేట్‌మెంటు, ఎన్నేళ్ళుగా కార్డు వాడుతున్నావో ఆ వివరం, నీ సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సక్రమంగా తీరుస్తున్నావో చూపే అంకె), నీకు జీతం పడే బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లో చూపిస్తున్న పర్సనల్ లోన్ రేటు పెట్టుకో. నీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు.

ఫోను నంబరు కార్డు వెనక ముద్రించినదే తీసుకో. గూగుల్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు కూడా వస్తాయి. కోడలికి నీకన్నా మాట చాతుర్యం ఎక్కువే గాని కార్డు నీ పేరున ఉంది, వాళ్ళు నీతోనే మాట్లాడతారు. మాట ఇలా ఉంటే చాలు: "ఈ కార్డు నాలుగేళ్ళుగా వాడుతున్నాను, ఏనాడూ గడువు దాటలేదు. ఇప్పుడు 1,80,000 బాకీ ఉంది, ఈ వడ్డీతో అసలు తరగడం లేదు. నెలకు 9,000 దాకా తప్పకుండా కట్టగలను. నా జీతం పడే బ్యాంకు 12 శాతానికి పర్సనల్ లోన్ చూపిస్తోంది, దానితో మీ బాకీ తీర్చేయవచ్చు. మీరు ఈ బాకీని 24 నెలల ఈఎంఐగా ఏ రేటుకు మార్చగలరు?" అంతవరకు చెప్పి ఊరుకో. అవతలివాళ్ళు లైనులో ఉండమని సంగీతం వినిపిస్తే కంగారుపడి నువ్వే రేటు పెంచి చెప్పకు. నీకు ఆ అలవాటు ఉంది, సోఫా బేరంలో చూశాను.

పర్సనల్ లోన్ మాట నిజంగా స్క్రీను మీద చూసిన తరువాతే చెప్పు. "కార్డు మూసేస్తాను" అన్న బెదిరింపు మాత్రం వద్దు. బాకీ అంతా తీర్చనిదే కార్డు మూయడం కుదరదని వాళ్ళకు తెలుసు. బాకీ వేరేచోటికి వెళ్ళిపోతే తమకు వచ్చే వడ్డీ ఆగిపోతుందన్నదే వాళ్ళను ఆలోచింపజేస్తుంది. మొదట ఎత్తిన మనిషి కాదంటే, ఖాతాదారులను నిలుపుకునే రిటెన్షన్ విభాగానికి కలపమని మర్యాదగా అడుగు.

సరే అన్నారంటే, ఒప్పుకునే ముందు ఈ వివరాలు రాసుకో: వడ్డీ ఏడాదికా నెలకా, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, గడువుకు ముందే తీర్చేస్తే ఎంత వసూలు చేస్తారు, కార్డు లిమిటులో ఎంత భాగం ఆపి ఉంచుతారు. నెలకు 1.25 శాతం అంటే అదే పదిహేను శాతం. "ఫ్లాట్ రేటు" అని కొందరు చెప్పే అంకె మాత్రం తరిగే బాకీ మీద కాకుండా మొదటి మొత్తం మీద వేసేది గనుక చిన్నగా కనిపించి పెద్దగా పడుతుంది. అన్నీ మెయిల్‌లో పంపమని అడుగు, రిఫరెన్సు నంబరు రాసుకో. నోటిమాటగా ఇచ్చిన రేటు తరువాతి స్టేట్‌మెంటులో కనిపించకపోతే చూపించడానికి నీకు అదొక్కటే ఆధారం.

బాకీ తీరేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టు. పాత బాకీ పూర్తిగా కట్టనంత కాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు. ఈ రోజు పాలప్యాకెట్టు ఆ కార్డు మీద కొన్నా ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇది బ్యాంకులో పనిచేసేవాళ్ళకే చాలామందికి పట్టదు.

నీ స్నేహితుడు చెప్పాడన్న సలహా, మూడు నెలలు కట్టడం ఆపేస్తే బ్యాంకే దిగివస్తుందన్నది, నాకు బొత్తిగా నచ్చలేదు. మినిమమ్ కూడా 90 రోజులు కట్టకపోతే ఆ ఖాతా మొండిబకాయి అవుతుంది. తరువాత వాళ్ళు తగ్గించి సెటిల్‌మెంటు చేసినా క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అన్న మాట పడుతుంది, రేపు ఇంటి లోను అడిగినప్పుడు మేనేజరు ముందుగా చూసేది దాన్నే. నువ్వు అడుగుతున్నది మాఫీ కాదు, మొత్తం కడతాను, వడ్డీ తగ్గించమని మాత్రమే. ఈ రెండింటికీ ఉన్న తేడా ఫోనులో కూడా స్పష్టంగా చెప్పు. అలాగే వాళ్ళంతట వాళ్ళే ఫోను చేసి "మీ కార్డు వడ్డీ తగ్గిస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాళ్ళు ఎవరైనా సరే, మాట పూర్తికాక ముందే పెట్టేసెయ్యి.

ఒకసారికి కాదంటే ఇంకో నెల స్టేట్‌మెంటు వచ్చాక మళ్ళీ అడుగు, ఈసారి మెయిల్‌లో. రేటు తగ్గించలేదని, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసి లాభం లేదు, అది వాళ్ళ వ్యాపార నిర్ణయం. చెప్పిన రేటు ఒకటి వేసిన రేటు ఇంకొకటి అయితే మాత్రం, బ్యాంకుకు రాసి 30 రోజులు చూసి అక్కడికి వెళ్ళవచ్చు. బ్యాంకు పూర్తిగా మొండికేస్తే పర్సనల్ లోనే మేలు. 12 శాతమంటే రూపాయి వడ్డీ, 24 నెలలకు వాయిదా సుమారు 8,473. పర్సనల్ లోన్ వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, ప్రాసెసింగ్ ఫీజు మీద మాత్రమే ఉంటుంది. కార్డు బ్యాంకు ఇచ్చే రేటుతో పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోకు.

నా ఫిక్సెడ్ డిపాజిట్ మీద లోను తీసి ఇవ్వమని నువ్వు అడగలేదు, అడగవని కూడా తెలుసు. డిపాజిట్ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువకే ఆ లోను దొరుకుతుంది గనుక లెక్కప్రకారం అన్నిటికన్నా చవక అదే. కాని ఆ డిపాజిట్ నాన్నగారి మోకాలి ఆపరేషనుకు ఉంచింది. బ్యాంకూ, పర్సనల్ లోనూ రెండూ కుదరకపోతేనే దాన్ని ముట్టుకుందాం, అప్పుడు వాయిదా నెలనెలా నా ఖాతాకు పంపాలి, వడ్డీతో సహా.

నీ స్టేట్‌మెంటు ప్రతి నెలా 18న తయారవుతోంది. అంతకు ముందే, మధ్యాహ్నం భోజన విరామంలో కాకుండా తీరికగా కూర్చుని ఫోను చెయ్యి. వాళ్ళు ఇచ్చిన మెయిల్‌ను నాకు పంపు, ఈఎంఐ లెక్క నేనూ ఒకసారి వేసి చూస్తాను. ఈ ఉత్తరం కోడలికి కూడా చూపించు, ఇంట్లో ఇద్దరికీ ఈ అంకెలు తెలిసి ఉండాలి.

ఆశీస్సులతో,
అమ్మ