దుస్తులపై కాటన్, పాలిస్టర్ పాళ్లు తెలపాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి తిరుపతికో విశాఖకో బయలుదేరే మగవారిలో చాలామంది దళసరి జీన్సు, బిగుతు చొక్కా వేసుకుని, రాత్రంతా రైలు బెర్తుపై ఉక్కపోతతో నిద్రలేక అవస్థ పడుతున్నారు. జీన్సు ఉతికితే లాడ్జి గదిలో తెల్లవారేసరికి ఆరదు. నడుము పట్టీ, జేబు సంచులు మరునాటికీ చెమ్మగానే ఉంటాయి.

అలాగని ఇస్త్రీ అక్కర్లేదన్న ఒక్క మాట నమ్మి పూర్తి పాలిస్టర్ చొక్కా కొనడమూ సరికాదు. సాధారణ వాతావరణంలో కాటన్ తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకుంటే, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. త్వరగా ఆరడానికీ, మన కోస్తా ఉక్కలో చెమట ఒంటికి అంటుకుని ఉండిపోవడానికీ ఆ గుణమే కారణం. రెండూ కలిసిన పలుచని బట్టతో వదులుగా కుట్టించిన ప్యాంటు, లేతరంగు చొక్కా ప్రయాణానికి అన్నివిధాలా మేలని నా అభిప్రాయం. మంగళగిరి నేత చొక్కా హాయిలో దేనికీ తీసిపోదు గానీ, నలగడం మాత్రం తప్పదు. ప్యాంటు లోపల డబ్బుకు దొంగ జేబు పెట్టమని దర్జీకి ముందే చెప్పుకోవాలి.

చేత్తో పట్టి చూసి ఏది ఎంత కలిసిందో చెప్పడం మామూలు కొనుగోలుదారులకు సాధ్యం కాదు. కాబట్టి బీసెంట్ రోడ్డు మొదలుకొని వన్‌టౌన్ వస్త్రలత వరకు నగరంలోని వర్తకులందరూ తానులపైనా, రెడీమేడ్ దుస్తులపైనా ఈ పాళ్లను, ఉతికే విధానాన్ని తెలుగులో స్పష్టంగా కనిపించేలా ఉంచాలని మనవి చేస్తున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ