సీసం రొయ్యలో ఉందా, యాసిడ్‌లో ఉందా?

సంపాదకులకు నమస్కారం.

నేను నెల్లూరులో ఒక టెస్టింగ్ ల్యాబులో కెమిస్టును. ఆ మధ్య ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు వేరే ల్యాబు రిపోర్టు పట్టుకుని వచ్చాడు. రొయ్యల్లో సీసం ఉందని రాశారు. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "చెరువులో నేనేం కలిపానమ్మా?" అన్నాడు. రిపోర్టు అటూ ఇటూ తిప్పి చూశాను. బ్లాంక్ ఎంత వచ్చిందో ఎక్కడా రాయలేదు.

బ్లాంక్ అంటే రొయ్య వేయకుండా ఉత్త యాసిడ్‌నే అదే పద్ధతిలో పరీక్షించడం. అరగ్రాము రొయ్య కండను కరిగించడానికి మేం ఎనిమిది మిల్లీలీటర్ల నైట్రిక్ యాసిడ్ పోస్తాం. బరువులో చూస్తే రొయ్యకు ఇరవై రెట్ల పైనే. మిషన్ కొలిచేదేమో వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు. యాసిడ్‌లో పిసరంత సీసం ఉన్నా అది రొయ్య లెక్కలో పడిపోతుంది.

అందుకే మేం మామూలు యాసిడ్‌ను మళ్లీ డిస్టిల్ చేసుకుంటాం, అంటే ఆవిరిగా లేపి చల్లార్చి పట్టుకుంటాం, మరగనివ్వకుండా. పప్పు పొంగితే నురగ మూతకంటుతుంది కదా, మరిగే యాసిడ్ తుంపర్లు కూడా అలాగే లోహాలను మోసుకుపోతాయి. సన్న సెగ మీద ఆవిరి మాత్రమే లేస్తుంది, లోహాలు అడుగునే ఉండిపోతాయి. రెండు టెఫ్లాన్ బాటిళ్లు మూతి మూతి కలిపి, ఒకదానికి వేడినిచ్చే బల్బు (హీట్ ల్యాంప్), రెండోదానికి చల్లటి నీళ్లు. అంతా ఫ్యూమ్ హుడ్ (ఘాటు ఆవిర్లను బయటికి లాగేసే గూడు) లోపలే. మే నెలలో మా కుళాయి నీళ్లే కాగిపోయి ఉంటాయి, అప్పుడు చేపల మార్కెట్ దగ్గర ఐసు తెప్పిస్తాం. రాత్రంతా చుక్క చుక్కగా దిగుతుంది. తెల్లారి చూస్తే అరచేతి లోతు కూడా ఉండదు, కానీ ఆ కాస్తా ఎంత శుభ్రమో!

ఆ యాసిడ్‌తో ఆ రైతు రొయ్యలను రెండుసార్లు పరీక్షించాం. పరికరం పట్టుకోగలిగినంత సీసం రాలేదు.

1972లోనే అమెరికా ప్రమాణాల సంస్థ శాస్త్రవేత్తలు ఇలా మరగనివ్వకుండా డిస్టిల్ చేసే పద్ధతిలో యాసిడ్‌లు శుద్ధి చేసి వివరాలు ప్రచురించారు. అత్యంత శుద్ధమైన యాసిడ్ కొనాలంటే చిన్న ల్యాబులకు తలకు మించిన ఖర్చు, నిజమే. ఈ రెండు బాటిళ్లకు అంత అవసరం లేదు. మన జిల్లా కాలేజీల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకు ఒక్కసారైనా దీన్ని చేయించి చూపాలని అధ్యాపకులను కోరుతున్నాను. ప్రతి రిపోర్టులో బ్లాంక్ విలువ అచ్చువేయాలని ల్యాబులవాళ్లను కూడా.

రైతులూ, రిపోర్టు చేతికిచ్చేటప్పుడు "బ్లాంక్ ఎంత వచ్చింది?" అని అడగండి. చెప్పడానికి మాకు అర నిమిషం పట్టదు.

– ఒక కెమిస్టు, నెల్లూరు