చేజ్ కౌంటీ కచేరీ చూసొచ్చానమ్మా

చిన్నీ,

నువ్వు గ్రూప్-2 పుస్తకాల్లో మునిగి ఉంటావని ఫోన్ చెయ్యకుండా రాస్తున్నా, తీరిక దొరికినప్పుడు చదువు. మొన్న అన్నయ్య సెలవు పెట్టి నన్నూ అమ్మనూ విచిటా నుంచి కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊరికి తీసుకెళ్లాడు. అమెరికాలోని ఈ కాన్సస్ రాష్ట్రంలో 105 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఉంటే అందులో చేజ్ కౌంటీకి ఇది ముఖ్యపట్టణం. పట్టణం అంటున్నానే గానీ మన ఊరికన్నా చిన్నది. కౌంటీ విస్తీర్ణం దాదాపు 2,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలాలు ఎనిమిదో పదో కలిపినంత. 2020 లెక్కల్లో జనం మాత్రం 2,572 మంది!

ఎందుకింత తక్కువ అంటే అంతా ఆ నేలలోనే ఉంది. ఫ్లింట్ హిల్స్ అంటారు, సున్నపురాయి పొరల మధ్య చెకుముకి రాయి, పైన పల్చగా మట్టి. నాగలి దిగలేదు కాబట్టి దున్నలేదు, దున్నలేదు కాబట్టి నడుమెత్తు గడ్డి అలాగే మిగిలిపోయింది. ఒకప్పుడు అమెరికా నడిబొడ్డంతా ఉన్న ఈ పొడవు గడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు వంతులేనట, అందులో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే. ఇక్కడ పశువులే బతుకు. వసంతంలో గడ్డికి నిప్పు పెడతారు, లేత గడ్డి వస్తుంది, చెట్లు ముసురుకోకుండా ఉంటాయి.

ఇక కోర్టు భవనం. 1873లో కట్టారు, కాన్సస్‌లో ఇప్పటికీ పని నడుస్తున్న కోర్టు భవనాల్లో ఇదే పాతది. అక్కడి సున్నపురాయే, పైన ఎర్రటి కప్పు, గడియారం. లోపల నల్ల వాల్‌నట్ కర్రతో మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే మెట్లు. ఆ మెట్ల పక్కన పట్టుకునే కర్ర మీద చెయ్యి వేసి చూశా, నూటయాభై ఏళ్లుగా ఎన్ని చేతులు రాసుకున్నాయో, అద్దంలా నున్నగా ఉంది. భూమి కాగితం కోసం వచ్చినవాడూ, పెళ్లి లైసెన్సుకు వచ్చినవాడూ ఈ మెట్ల దగ్గరికే రావాలి. పాత జైలు గది కూడా పైనే.

నాకు బాగా నచ్చిందేంటంటే, ఇక్కడ షెరీఫ్ (కౌంటీ పోలీసు పెద్ద), ట్రెజరర్, క్లర్క్, భూముల రిజిస్టర్ చూసే అధికారి, వీళ్లందరినీ జనమే ఓటేసి ఎన్నుకుంటారు. పైన కౌంటీని నడిపే కమిషనర్లు కూడా ఎన్నికైనవాళ్లే. మన తహసీల్దారును, సబ్‌రిజిస్ట్రారును ఊళ్లోవాళ్లు ఎన్నుకోవడం ఊహించు! అన్నిటికీ అదే మందని నేననను, బంధువులూ పక్షాలూ అక్కడా ఉంటాయి. కానీ కాగితం అడగడానికి వచ్చినవాడి ఓటు తనకు కావాలని కౌంటర్ అవతల మనిషికి తెలిసి ఉండటం చిన్న సంగతి కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, 1985లో, తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. కచేరీ జనానికి దగ్గరైందని ఎంత సంబరపడ్డామో. తర్వాత నేను పనిచేసిన ఒక ఆఫీసులో బీరువా తీస్తే అడంగళ్లు, అదే ఏ పొలం ఎవరిదో రాసే పుస్తకాలు, సగం చెదల పాలు. ఒక ముసలాయన మూడు నెలలు తిరిగాడు, ఆయన పేజీయే లేదు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. నీకు ఆ కుర్చీ వస్తే ముందు బీరువా తెరిచి చూడు తల్లీ.

నానమ్మ పొలం పాస్‌బుక్ అల్మరాలో ఎర్ర సంచిలో ఉంది. ఈ ఆదివారం తీసి సర్వే నంబరు, విస్తీర్ణం ఆన్‌లైన్‌లో ఉన్నదానితో సరిపోయాయో లేదో చూసి చెప్పు.

నాన్న